ఎయిర్‌లైన్ ఇంటర్వ్యూకు ముందు రీజినల్ జెట్ పెర్ఫార్మెన్స్ చదవడం: విశాఖ రన్‌వేను ఎదురుగా పెట్టుకుని

నా మొదటి ఎయిర్‌లైన్ ఇంటర్వ్యూలో బోర్డులోని పెద్దాయన వీ1 (టేకాఫ్ పరుగును ఆపేయడానికి వీలున్న ఆఖరి వేగం) అంటే ఏమిటని అడిగితే, పుస్తకంలోని నిర్వచనాన్ని పొల్లు పోకుండా అప్పజెప్పాను. ఆయన తల ఊపి, ‘సరే, ఇప్పుడు వాన పడి రన్‌వే తడిసింది, వీ1 పెరుగుతుందా తగ్గుతుందా?’ అన్నారు. తగ్గుతుందన్నాను. ‘తగ్గితే ఇంజన్ ముందే పోయినట్టు లెక్క కదా, మిగతా పరుగంతా ఒక్క ఇంజన్‌తోనే సాగాలి; ఆ అదనపు దూరం ఎక్కడి నుంచి తెచ్చావు?’ అని అడిగేసరికి నా దగ్గర మాట లేకపోయింది. ఆ ఉద్యోగం రాలేదు. నిర్వచనాలు అన్నీ వచ్చిన నాకు, ఒక అంకె కదిలితే దాని వెంట ఇంకేమి కదులుతుందో తెలియలేదన్న సంగతి మర్రిపాలెంలో ఇంటికి చేరాక గాని అర్థం కాలేదు.

అప్పటి నుంచి పెర్ఫార్మెన్స్‌ను, అంటే విమానం ఎంత బరువుతో, ఎంత దూరంలో లేవగలదు, ఎక్కగలదు, దిగగలదు అనే లెక్కలను, ఒకే ప్రశ్న చుట్టూ చదవడం అలవాటు చేసుకున్నాను: ఈ రోజు, ఈ రన్‌వే మీద, ఈ విమానం బరువును ఏ పరిమితి ముందుగా కట్టేస్తోంది? ఇంటర్వ్యూకు వెళ్లే పిల్లలు అడిగితే ఇదే చెబుతున్నాను. కమర్షియల్ లైసెన్సు చేతికి వచ్చి, 200 గంటలు చిన్న పిస్టన్ విమానాల మీద తిరిగి, ఇంకా జెట్‌లో కూర్చోని అభ్యర్థిని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. సిమ్యులేటర్ పరీక్ష, సైకోమెట్రిక్ పరీక్షల జోలికి ఇక్కడ పోవడం లేదు.

విమానాన్ని ముందుగా ఒక్కటి ఎంచుకోవాలి. మన దేశంలో రీజినల్ జెట్ అనగానే ఇప్పుడు గుర్తుకొచ్చేది స్టార్ ఎయిర్ నడుపుతున్న ఎంబ్రేయర్ ఈ175, ఈఆర్‌జే145 విమానాలు. తెలుగువాళ్లకు ఈ రకం విమానం కొత్తది కాదు. విజయవాడ కేంద్రంగా 2013లో మొదలై 2017లో ఆగిపోయిన ఎయిర్ కోస్టా నడిపినవి ఇదే కుటుంబానికి చెందిన ఈ170, ఈ190 విమానాలే. ఏటీఆర్ 72 కూడా చిన్న ఊళ్లకే తిరుగుతుంది గాని అది టర్బోప్రాప్ (టర్బైన్ ఇంజన్‌తో ప్రొపెల్లర్ తిప్పేది), దాని లెక్కలు వేరు. రెండింటినీ కలిపి చదివితే బోర్డు ముందు ఒకదాని అంకె ఇంకొకదానికి అంటగట్టే ప్రమాదం ఉంది. నేను ఇక్కడ ఈ175 ను పట్టుకుని చెబుతాను. మీ సంస్థ విమానం వేరైతే అంకెలు మార్చుకుంటే చాలు, ఆలోచన మారదు.

కాగితాలు సమకూర్చుకోవడం

వాట్సాప్ గ్రూపుల్లో చేతులు మారుతూ వచ్చే నోట్సులను నేను నమ్మను. వాటిలో ఏ వేరియంట్‌ అంకెలు ఎక్కడి నుంచి వచ్చాయో ఎవరికీ తెలియదు. ఉచితంగా, అధికారికంగా దొరికే పత్రాలు మూడు ఉన్నాయి. విమానానికి ఇచ్చే టైప్ సర్టిఫికెట్ డేటా షీట్‌లో బరువుల పరిమితులు, వేగాల పరిమితులు ఉంటాయి. తయారీదారు విమానాశ్రయాల కోసం ప్రచురించే ఎయిర్‌పోర్ట్ ప్లానింగ్ మాన్యువల్‌లో ఎంత బరువుకు ఎంత రన్‌వే కావాలో, ఎంత పేలోడ్‌తో ఎంత దూరం పోవచ్చో చూపే గ్రాఫులు ఉంటాయి. ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ప్రచురించే ఏఐపీ అనే సమాచార సంపుటిలో ప్రతి విమానాశ్రయానికి సంబంధించిన డిక్లేర్డ్ దూరాలు (రన్‌వేపై అధికారికంగా వాడుకోనిచ్చే పొడవులు), అడ్డంకుల వివరాలు ఉంటాయి. ఈ మూడింటి ప్రింట్లు తీసుకుని, ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయంలో ఒక మూల కూర్చుంటే వారం రోజుల్లో పునాది పడుతుంది. అసలు ఫ్లైట్ మాన్యువల్ సంస్థలో చేరాక ఎలాగూ వస్తుంది. అది లేదని చదువు ఆపుకోనక్కరలేదు.

రన్‌వేగా విశాఖను తీసుకోమనడానికి కారణం ఊరిమీద అభిమానం ఒక్కటే కాదు. ఇది నౌకాదళానికి చెందిన ఐఎన్ఎస్ డేగా; పౌర విమానాలు అందులోని ఒక భాగాన్ని వాడుకుంటాయి. ప్రధాన రన్‌వే 10/28 పొడవు 3,050 మీటర్లు, అంటే సుమారు 10,000 అడుగులు. దానికి అడ్డంగా ఉన్న పాత రన్‌వే పొడవు అటూ ఇటుగా 6,000 అడుగులు. నేల దాదాపు సముద్ర మట్టానికే ఉంది. వేసవిలో ఎండ, వానాకాలంలో నీళ్లు, ఒకవైపు సింహాచలం కొండ, ఇంకోవైపు యారాడ కొండ ఉన్నాయి. పెర్ఫార్మెన్స్‌లో అడగదగిన ప్రశ్నలన్నీ ఈ ఒక్క మైదానంలో దొరుకుతాయి. అది నౌకాదళ స్థావరం కనుక చదువు పేరు చెప్పి గోడ పక్కన నిలబడి ఫొటోలు మాత్రం తీయకండి.

ముందుగా బరువులు

ఈ175 లో ఎక్కువగా కనిపించే ఎల్ఆర్ వేరియంట్‌కు గరిష్ఠ టేకాఫ్ బరువు 38,790 కిలోలు, గరిష్ఠ ల్యాండింగ్ బరువు 34,000 కిలోలు, ఇంధనం లేకుండా గరిష్ఠ బరువు, అంటే జీరో ఫ్యూయల్ బరువు, 31,700 కిలోలు. ఈ మూడు అంకెలను అందరూ బట్టీ పడతారు. వాటి మధ్య తేడాలను మాత్రం ఎవరూ చూడరు.

గాజువాక నుంచి వచ్చే ఒక కుర్రాడితో మొన్న జరిగిన సంభాషణ చెబుతాను. విశాఖ నుంచి హైదరాబాదుకు నిండు విమానం, ఎంత బరువుతో లేవగలవని అడిగాను. ‘38,790 మాస్టారూ’ అన్నాడు తడుముకోకుండా. రన్‌వే పొడవుగా ఉంది, సరే. దిగేది ఎక్కడ అన్నాను. హైదరాబాదు అన్నాడు. దారిలో ఎంత ఇంధనం కాలుతుంది అంటే, సుమారు 500 కిలోమీటర్ల దూరానికి 1,800 కిలోలు అనుకుందామన్నాడు. ఆ తర్వాత కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. అతడే పెన్సిల్ తీసుకుని 34,000కు 1,800 కలిపి 35,800 అని రాసి, తల గోక్కున్నాడు. గరిష్ఠ టేకాఫ్ బరువుకు దాదాపు 3 టన్నులు తక్కువ. అంతకు మించి లేస్తే హైదరాబాదులో దిగేసరికి ల్యాండింగ్ బరువు పరిమితి దాటిపోతుంది.

రీజినల్ జెట్ జీవితమంతా ఇలాంటి పొట్టి ప్రయాణాలే కాబట్టి, టేకాఫ్ బరువును కట్టేసేది చాలాసార్లు గమ్యంలోని ల్యాండింగ్ బరువే. ఇంకొక తేడా కూడా చూడండి: 34,000 లోంచి 31,700 తీస్తే 2,300 కిలోలు మిగులుతుంది. విమానం జీరో ఫ్యూయల్ పరిమితి వరకు నిండితే, దిగేటప్పుడు ట్యాంకుల్లో ఉండగలిగిన గరిష్ఠ ఇంధనం ఇదే. ప్రత్యామ్నాయ విమానాశ్రయానికి కావలసింది, జెట్‌కు 1,500 అడుగుల ఎత్తులో 30 నిమిషాలకు ఉంచాల్సిన ఫైనల్ రిజర్వ్, వానాకాలంలో కెప్టెన్ అడిగే అదనపు హోల్డింగ్, అన్నీ ఇందులోనే ఇమడాలి. ఇవన్నీ కలిపి 2,700 కిలోలు తేలిందనుకుంటే 400 కిలోలు ఎక్కువైనట్టు. మనిషికి సామానుతో కలిపి 100 కిలోల లెక్కన నలుగురు ప్రయాణికులు కింద ఉండిపోవాలి. తక్కువ ధర ఉన్న ఊళ్లో ఇంధనం ఎక్కువ నింపుకుని పోవడం ఎందుకు అన్నిసార్లూ కుదరదో ఈ లెక్క చేసినవాడికి వేరుగా చెప్పనక్కరలేదు.

ఎండలో విశాఖ ఎంత ఎత్తున ఉంది

ప్రామాణిక వాతావరణంలో సముద్ర మట్టాన ఉష్ణోగ్రత 15 డిగ్రీలు, పీడనం 1013.25 హెక్టోపాస్కల్, ప్రతి 1,000 అడుగులకు దాదాపు 2 డిగ్రీల తగ్గుదల. మే నెల మధ్యాహ్నం విశాఖ మెటార్‌లో (విమానాశ్రయ వాతావరణ నివేదికలో) ఉష్ణోగ్రత 38, క్యూఎన్‌హెచ్ (సముద్ర మట్టానికి సర్దిన పీడనం) 1002 అని ఉందనుకుందాం. పీడనం 11 హెక్టోపాస్కల్ తక్కువ. ఒక్కోదానికి 27 అడుగుల చొప్పున సుమారు 300 అడుగుల ప్రెజర్ ఆల్టిట్యూడ్ (పీడనం లెక్కన వచ్చే ఎత్తు). ఆ ఎత్తులో ప్రామాణిక ఉష్ణోగ్రత 14.4, మనది 38, తేడా 23.6 డిగ్రీలు. డిగ్రీకి 120 అడుగుల చొప్పున ఇది 2,830 అడుగులు అవుతుంది. రెండూ కలిపితే డెన్సిటీ ఆల్టిట్యూడ్, అంటే గాలి సాంద్రత లెక్కన వచ్చే ఎత్తు, సుమారు 3,100 అడుగులు. సముద్రం పక్కన నిలబడి ఉన్న విమానం, రెక్కల దృష్టిలో, బెంగళూరు ఎత్తున నిలబడి ఉంది. సముద్రపు గాలిలోని తేమ దీన్ని ఇంకాస్త పెంచుతుంది.

ఇంజన్‌కు కూడా ఇదే లెక్క వర్తిస్తుందా అని అడగడం బోర్డుకు ఇష్టమైన మెలిక. ఈ175 లోని సీఎఫ్34 ఇంజన్ సముద్ర మట్టంలో సుమారు 30 డిగ్రీల వరకు ఒకే థ్రస్ట్ (ముందుకు నెట్టే బలం) ఇచ్చేలా రేటు చేసి ఉంటుంది. దీన్నే ఫ్లాట్ రేటింగ్ అంటారు. ఆ మలుపు వరకు ఉష్ణోగ్రత పెరిగినా ఇంజన్ నియంత్రణ వ్యవస్థ ఇంధనం పెంచి థ్రస్ట్ నిలబెడుతుంది, ఆ తర్వాత టర్బైన్ వేడి పరిమితి అడ్డుపడి థ్రస్ట్ తగ్గుతూ పోతుంది. కనుక 24 డిగ్రీల జనవరి ఉదయం నుంచి 29 డిగ్రీలకు వెళ్లినప్పుడు జరిగే నష్టం వేరు, 33 నుంచి 38కి వెళ్లినప్పుడు జరిగే నష్టం వేరు. మొదటి సందర్భంలో గాలి పలచబడి నిజవేగం పెరుగుతుంది, అంతే. రెండో సందర్భంలో ఇంజన్ కూడా చేయి వదిలేస్తుంది. ఈ మలుపును కాగితం మీద గీసి చూపగలిగిన అభ్యర్థిని ఆ తర్వాత చిన్న ప్రశ్నలు అడగరు.

టేకాఫ్: వేగాల గొలుసు

వీ1, వీఆర్ (ముక్కు పైకెత్తే వేగం), వీ2 (ఒక ఇంజన్‌తో ఎక్కడానికి కనీస భద్ర వేగం) లను విడివిడిగా చదవకండి. ఇంజన్ వైఫల్యం జరిగిందని ఊహించే వేగం వీఈఎఫ్. అది నేల మీద దిశను నిలుపుకోగలిగిన కనిష్ఠ వేగం వీఎంసీజీ కన్నా తక్కువ కాకూడదు. పైలట్ దాన్ని గుర్తించి ఆపే మొదటి చర్య తీసుకోవడానికి ఆఖరి వేగం వీ1. వీఆర్ వీ1 కన్నా తక్కువ కాకూడదు, గాలిలోని కనిష్ఠ నియంత్రణ వేగం వీఎంసీఏకి 1.05 రెట్ల కన్నా కూడా తక్కువ కాకూడదు. వీ2 స్టాల్ రిఫరెన్స్ వేగానికి (రెక్కలు లిఫ్ట్ కోల్పోయే స్టాల్‌కు ఆధారంగా తీసుకునే వేగం) కనీసం 1.13 రెట్లు, వీఎంసీఏకి కనీసం 1.10 రెట్లు ఉండాలి. టేకాఫ్ దూరం చివర అందాల్సిన స్క్రీన్ ఎత్తు 35 అడుగులకు చేరేసరికి ఆ వేగం అందాలి. ఈ గొలుసులో ఒక కొక్కెం లాగితే ఏది కదులుతుందో రోజూ ఒకసారి గట్టిగా పైకి చెప్పుకోండి. బరువు పెరిగితే ఏమవుతుంది, ఎండ పెరిగితే వీఎంసీజీ ఎందుకు తగ్గుతుంది, ఖాళీ విమానం చల్లని రోజున పొట్టి రన్‌వే మీద పూర్తి థ్రస్ట్‌తో ఎందుకు ఇబ్బంది పెట్టవచ్చు అన్నవి వేసుకోవాల్సిన ప్రశ్నలు. ఆఖరిదానికి జవాబు వీఎంసీజీలోనే ఉంది: థ్రస్ట్ ఎక్కువ కనుక అది పెరిగి, వీ1ను అంతకన్నా కిందికి దించనివ్వదు.

నా పాత ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెప్పవచ్చు. పొడి రన్‌వే మీద కావలసిన టేకాఫ్ దూరం రెండింటిలో పెద్దది: వీఈఎఫ్ వద్ద ఒక ఇంజన్ పోయినా 35 అడుగులకు చేరే దూరం, లేదా రెండు ఇంజన్లతో 35 అడుగులకు చేరే దూరానికి 115 శాతం. ఆగడానికి కావలసిన దూరంలో పొడి రన్‌వేకు రివర్స్ థ్రస్ట్‌ను (ఇంజన్ గాలిని ముందుకు తిప్పి వేగం తగ్గించడాన్ని) లెక్కలో వేసుకోనివ్వరు. తడి రన్‌వే మీద బ్రేకులు పట్టు తప్పుతాయి కనుక ఆగే దూరం పెరుగుతుంది, దాన్ని సర్దడానికి వీ1 తగ్గిస్తాం, అప్పుడు ఒక ఇంజన్‌తో సాగే పరుగు పెరుగుతుంది. ఆ దూరాన్ని నిబంధనలు ఇలా ఇచ్చాయి: తడి రన్‌వేకు స్క్రీన్ ఎత్తును 35 అడుగుల నుంచి 15 అడుగులకు దించాయి, ఆగే లెక్కలో రివర్స్‌కు అనుమతి ఇచ్చాయి. అంటే అదనపు దూరం భద్రతా మార్జిన్ నుంచే వచ్చింది. పెద్దాయన నా నోట వినాలనుకున్నది ఈ ఒక్క వాక్యమే.

డిక్లేర్డ్ దూరాల్లో పరుగుకు టోరా, ఎగరడానికి టోడా, ఆగడానికి ఆస్డా, దిగడానికి ఎల్‌డీఏ. నిర్వచనాలు పూటలో వస్తాయి. వాటికి ప్రాణం ఎక్కడుందో తెలియాలంటే 2006 ఆగస్టు 27న అమెరికాలోని లెక్సింగ్టన్‌లో జరిగింది చదవండి. కామ్‌ఎయిర్ 5191 అనే సీఆర్‌జే100 రీజినల్ జెట్ 7,003 అడుగుల రన్‌వే 22కు బదులు సుమారు 3,500 అడుగుల రన్‌వే 26 మీద పరుగు తీసింది. విమానంలోని 50 మందిలో 49 మంది చనిపోయారు. పెర్ఫార్మెన్స్ లెక్క సరైనదే, కాకపోతే అది పక్క రన్‌వేది. రెండు పొడవుల రన్‌వేలు ఒకదాన్నొకటి దాటే మన విశాఖలో చదువుకునేవాడికి ఈ సంఘటన దగ్గరగా తగలాలి.

కొండలు, ఫ్లాప్‌లు

3,050 మీటర్ల రన్‌వే మీద ఈ175 కు దూరం సాధారణంగా సమస్య కాదు. అయినా మే మధ్యాహ్నం బరువు తగ్గించాల్సి వస్తే, అడ్డుపడేది ఎక్కుడు (క్లైంబ్) పరిమితి, లేదా ఎదురుగా ఉన్న అడ్డంకి. ఒక ఇంజన్ పోయాక టేకాఫ్ దారిని నాలుగు సెగ్మెంట్లుగా చూస్తారు. రెండు ఇంజన్ల విమానానికి చక్రాలు పైకి పోయే వరకు ఉండే మొదటి సెగ్మెంట్‌లో గ్రేడియెంట్ (ముందుకు పోయిన దూరంలో ఎక్కిన ఎత్తు శాతం) సున్నా కన్నా ఎక్కువ ఉంటే చాలు; వీ2 వేగంతో సాగే రెండో సెగ్మెంట్‌లో కనీసం 2.4 శాతం కావాలి, మూడోది కనీసం 400 అడుగుల పైన ఫ్లాప్‌లు (రెక్క వెనుక అంచు పలకలు) మడిచి వేగం పెంచుకోవడానికి, ఆఖరిదానిలో 1.2 శాతం. టేకాఫ్ థ్రస్ట్‌కు మామూలుగా 5 నిమిషాల గడువు ఉంటుంది, ఒక ఇంజన్ పోయినప్పుడు 10 నిమిషాల వరకు ఆమోదం ఉన్న విమానాలు ఉన్నాయి.

2.4 శాతం అంటే కంటికి ఎంత? శాతాన్ని నేల వేగంతో హెచ్చవేస్తే నిమిషానికి అడుగులు వస్తాయి: 140 నాట్లకు 336, కచ్చితంగా చేస్తే 340. పిస్టన్ విమానంలో ఎండలో ఎక్కినంత కూడా కాదు. ఇందులోంచి అడ్డంకుల లెక్కకు 0.8 శాతం తీసేసి, 1.6 శాతపు నెట్ దారి మీద ప్రతి అడ్డంకినీ 35 అడుగులు పైనుంచి దాటాలి. రన్‌వే చివర 35 అడుగుల దగ్గర మొదలైన నెట్ దారి 4 కిలోమీటర్లు పోయేసరికి 64 మీటర్లు ఎక్కుతుంది. మొదట్లో ఉన్న 35 అడుగులు, దాటేటప్పుడు కావలసిన 35 అడుగులు ఒకదానికొకటి చెల్లు. కాబట్టి కనిష్ఠ గ్రేడియెంట్‌తో లేచిన విమానం 4 కిలోమీటర్ల దగ్గర 64 మీటర్ల కన్నా ఎత్తైనదేదీ నేరుగా దాటలేదు. మేడ మీదకెక్కి యారాడ వైపు చూస్తూ ఈ అంకెను తలచుకుంటే, ఇంజన్ పోయినప్పటి ప్రత్యేక మలుపుల విధానాలను ఎయిర్‌లైన్లు విమానాశ్రయం వారీగా ఎందుకు రాసుకుంటాయో తెలుస్తుంది. ఆ మలుపులో బ్యాంక్ (పక్కకు వాలు) 15 డిగ్రీలు దాటితే 35 అడుగులు కాస్తా 50 అవుతాయి.

ఇక్కడే అసలు చదువు ఉంది, ఇక్కడ కొన్ని రోజులు ఆగండి. ఫ్లాప్ ఎక్కువ దించితే తక్కువ వేగంలోనే లేస్తాం, పరుగు తగ్గుతుంది. కానీ డ్రాగ్ (గాలి నిరోధం) పెరిగి ఎక్కే గ్రేడియెంట్ పడిపోతుంది. ఫ్లాప్ తక్కువ దించితే పరుగు పొడవుగా ఉంటుంది, ఎక్కుడు బాగుంటుంది. పొడవైన రన్‌వే, వేడి గాలి, దూరంగా కొండ ఉన్న విశాఖలో తక్కువ ఫ్లాపే తెలివి. ఇంకా దూరం మిగిలితే వీఆర్, వీ2 లను కనిష్ఠం కన్నా పెంచి, మిగిలిన రన్‌వేను ఎక్కే శక్తిగా మార్చుకునే పద్ధతి కూడా ఉంది. ఇంప్రూవ్డ్ క్లైంబ్ అంటారు. అప్పుడు టైరు వేగం పరిమితి, బ్రేకుల శక్తి పరిమితి తలెత్తుతాయి. అదే విమానాన్ని 6,000 అడుగుల పాత రన్‌వే మీద ఊహించండి: ఇప్పుడు కట్టేసేది దూరం, కనుక ఫ్లాప్ ఎక్కువ కావాలి. ఒకే ఊళ్లో, ఒకే ఎండలో, జవాబు తలకిందులైంది. రెండు రన్‌వేలకూ రెండు కాగితాలు రాసి పక్కపక్కన పెట్టుకోండి.

ఏసీ ప్యాక్‌లకు ఇంజన్ నుంచి బ్లీడ్ గాలి ఇస్తే థ్రస్ట్ తగ్గుతుంది కనుక, అవసరమైన రోజున వాటిని ఇంజన్ మీద నుంచి తప్పించి లేస్తారు. ఒక ఇంజన్ పోతే రెండోదాని థ్రస్ట్‌ను దానంతట అదే పెంచే వ్యవస్థ ఎంబ్రేయర్‌లో ఏటీటీసీఎస్, సీఆర్‌జేలో ఏపీఆర్. ఫ్లెక్స్ టేకాఫ్ దీనికి ఎదురు దిశ: బరువు తక్కువగా ఉన్నప్పుడు అసలు కన్నా ఎక్కువ ఉష్ణోగ్రత ఉందని ఇంజన్‌కు చెప్పి, గరిష్ఠంగా 25 శాతం వరకు థ్రస్ట్ తగ్గించుకుని ఇంజన్ ఆయుష్షు కాపాడుకోవడం. నీళ్లు నిలిచిన రన్‌వే మీద దీనికి అనుమతి లేదు.

దిగడం

జెట్‌కు లెక్కలోని ల్యాండింగ్ దూరం, 50 అడుగుల ఎత్తు నుంచి పూర్తిగా ఆగేవరకు, ఉన్న దూరంలో 60 శాతానికి మించకూడదు. తడి రన్‌వేకు ఇంకా 15 శాతం కలపాలి. 1,830 మీటర్ల రన్‌వే తీసుకుంటే పొడిలో 1,098 మీటర్లు, తడిలో 955 మీటర్లు. ఐరోపా నిబంధనల్లో టర్బోప్రాప్‌కు 60 బదులు 70 శాతం ఉంటుంది. రెండింటినీ కలపవద్దని మొదట్లో అన్నది ఇందుకే. అప్రోచ్ వేగం వీరెఫ్ స్టాల్ రిఫరెన్స్‌కు 1.23 రెట్లు. ఒక ఇంజన్‌తో గో అరౌండ్‌కు (దిగకుండా మళ్లీ ఎక్కడానికి) 2.1 శాతం గ్రేడియెంట్, ల్యాండింగ్ ఫ్లాప్‌తో రెండు ఇంజన్ల మీద 3.2 శాతం అందకపోతే ల్యాండింగ్ బరువు అక్కడే ఆగిపోతుంది.

ఇదంతా బయలుదేరే ముందు వేసే లెక్క. గాలిలో ఉండగా వాన మొదలైతే 2021 నవంబరు 4 నుంచి అమలులో ఉన్న గ్లోబల్ రిపోర్టింగ్ ఫార్మాట్‌లోని, రన్‌వే స్థితిని చెప్పే కోడ్‌లు చూస్తారు: 6 పొడి, 5 తడి, 3 మిల్లీమీటర్లకు మించి నీరు నిలిస్తే 2. ఐదు నుంచి నాలుగు, మూడు దాటకుండా ఒకేసారి రెండుకు పడిపోవడం ఎందుకో చెప్పగలగాలి. నీటి పొర మీద టైరు తేలిపోయే హైడ్రోప్లేనింగ్ దానికి కారణం. ఆ వేగం నాట్లలో, టైరు పీడనం వర్గమూలానికి 9 రెట్లు: చదరపు అంగుళానికి 144 పౌండ్లు ఉంటే 108 నాట్లు. గాలి లెక్క కూడా నోటికి రావాలి. రన్‌వే 10 మీద 130 డిగ్రీల నుంచి 20 నాట్ల గాలి ఉంటే పక్క గాలి 10, ఎదురు గాలి 17. పెర్ఫార్మెన్స్‌లో ఎదురు గాలిలో సగమే వేసుకోనిస్తారు, వెనుక గాలిని ఒకటిన్నర రెట్లు వేసుకోమంటారు.

రోజుకు ఆరేడు సార్లు దిగే విమానంలో బ్రేకులు చల్లారే సమయం కూడా పెర్ఫార్మెన్సే. పొట్టి రన్‌వే మీద గట్టిగా ఆగి, పావుగంటలో మళ్లీ బయలుదేరితే, వేడి బ్రేకులతో టేకాఫ్ ఆపాల్సివస్తే అవి తీసుకోగలిగిన శక్తి తక్కువ. ఇది ఎవరూ అడగకపోయినా మీరే ఒక మాట అనండి.

పైన

క్రూయిజ్ మీద ఎక్కువ సమయం పెట్టనక్కరలేదు, కానీ డ్రాగ్ వక్రరేఖ మాత్రం గీయగలగాలి. బీచ్ రోడ్డులో మ్యూజియంగా నిలబెట్టిన టీయూ142 ను చూసినవారికి దాని ఎదురెదురుగా తిరిగే ప్రొపెల్లర్లు గుర్తుంటాయి. ప్రొపెల్లర్ విమానం ఎక్కువసేపు గాలిలో ఉండాలంటే కనిష్ఠ శక్తి వేగంలో ఎగరాలి, జెట్ అయితే కనిష్ఠ డ్రాగ్ వేగంలో. తేడా ఇంజన్ ఇంధనాన్ని దేనికి ఖర్చు చేస్తుందన్నదాంట్లో ఉంది: జెట్‌కు ఖర్చు థ్రస్ట్‌తో పాటు పెరుగుతుంది, ప్రొపెల్లర్‌కు శక్తితో పాటు. కనిష్ఠ డ్రాగ్ వేగం కన్నా కిందికి జారితే, వేగం తగ్గేకొద్దీ డ్రాగ్ పెరుగుతుంది. ఎత్తులో థ్రస్ట్ ఎలాగూ మిగలదు.

దీనికి ఉదాహరణ 2004 అక్టోబరు 14 నాటి పినాకిల్ 3701. ప్రయాణికులు లేని సీఆర్‌జే200 ను ఇద్దరు పైలట్లు గరిష్ఠ ఎత్తయిన 41,000 అడుగులకు ఎక్కించారు. ఆటోపైలట్‌కు నిలువు వేగం ఒప్పజెప్పడంతో అది ఎక్కుడును నిలబెట్టి గాలి వేగాన్ని తినేసింది. విమానం స్టాల్ అయింది, రెండు ఇంజన్లూ ఆరిపోయాయి, మళ్లీ అంటుకోలేదు. మిస్సోరిలో కూలి ఇద్దరూ మరణించారు. జెట్‌లో ఎత్తుకు ఎక్కేటప్పుడు నిలువు వేగాన్ని కాక గాలి వేగాన్ని పట్టుకోవాలని ఎందుకంటారో బోర్డు అడిగితే, ఈ సంఘటనను వక్రరేఖ మీద చూపిస్తూ చెప్పండి.

సీఆర్‌జే200 రెక్క ముందు అంచుకు స్లాట్‌లు (ముందుకు జారే పలకలు) లేవు, ఆ కారణంగా అప్రోచ్‌లో ముక్కు కిందికి ఉంటుంది, వేగం ఎక్కువ. ఈఆర్‌జే145, సీఆర్‌జేలకు ఇంజన్లు తోక దగ్గర, ఈ175 కు రెక్కల కింద. థ్రస్ట్ పెంచగానే ముక్కు ఎటు కదులుతుందో అందుకే వేరు. మీ విమానానికి సంబంధించినంత వరకు తెలిస్తే సరిపోతుంది.

బోర్డు ముందు

చివరి వారం కొత్తది చదవకండి. రోజుకొక ఊరి మెటార్ తీసి, ఈ రోజు బరువును కట్టేసేది ఏదో గట్టిగా పైకి చెప్పండి, ఎవరైనా ఎదురుగా కూర్చుని ‘ఎందుకు?’ అని మూడుసార్లు అడిగితే మేలు. మా ఇంట్లో ఆ పని మా ఆవిడ చేసేది. ఆమెకు విమానాల గురించి ఏమీ తెలియకపోవడం వల్లే నా జవాబుల్లోని డొల్లతనం ఆమెకు ఇట్టే దొరికిపోయేది. ఇంగ్లీషులో చెప్పాల్సినదాన్ని ముందు తెలుగులో చెప్పి చూడండి. తెలుగులో చెప్పలేకపోతే అర్థం కాలేదన్నమాట.

అంకె గుర్తు రాకపోతే ఊహించి చెప్పవద్దు. ఏ పుస్తకంలో, ఏ పట్టికలో చూస్తారో చెప్పి, అంకె పెరుగుతుందా తగ్గుతుందా అన్నది కారణంతో సహా చెప్పండి. ‘ఆధారపడి ఉంటుంది సార్’ అనడం తప్పు కాదు, దేని మీద ఆధారపడుతుందో వెంటనే చెప్పగలిగితే.

ఇంటర్వ్యూ రోజు ఉదయం ఆ ఊరి మెటార్ ఒకసారి చూడండి. బెంగళూరు అయితే నేల ఎత్తు 3,000 అడుగులు, ప్రామాణిక ఉష్ణోగ్రత 9 డిగ్రీలు. పీడనం మామూలుగా ఉండి ఎండ 30 ఉంటే తేడా 21, డెన్సిటీ ఆల్టిట్యూడ్ సుమారు 5,500 అడుగులు. విశాఖ మే మధ్యాహ్నపు 3,100 ను దాని పక్కన రాసి, ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని లోపలికి వెళ్లండి.